రంగు ఆఖరి పేజీ

పల్నాడులో ఏ ఊరికి వెళ్ళినా ఒక పాత బండి కనిపిస్తుంది. ఇంటి వెనక చింతచెట్టు కిందో, గడ్డివాము పక్కనో, నాలుగు టైర్లలోనూ గాలి లేక కూలబడి ఉంటుంది. చాలావరకు మహీంద్రా పికప్పే. అక్కడక్కడా టెల్కో వాళ్ళు 1988లో తెచ్చిన టాటా మొబైల్ 206. తొట్టిలో కోళ్ళు గుడ్లు పెడుతుంటాయి, బానెట్ మీద వడియాలు ఎండుతుంటాయి. "ఇదెందుకు ఉంచారండీ?" అని అడిగితే "మా నాయన బండి బాబూ, పాత సామానుకి వెయ్యబుద్ధి కాలా" అంటారు.

ఈ మధ్య మన హాస్టల్ రూముల్లో ఈ బండ్ల ముచ్చట ఎక్కువైంది. ఫోన్లో ముప్ఫై సెకన్ల వీడియో ఒకటి వస్తుంది. మొదట తుప్పు పట్టిన డొక్కు, చివర తళతళలాడే బండి, వెనక సినిమా పాట. చూసినవాడు పక్క మంచం వాడితో "ఈ సెలవల్లో మా తాత బండి రిస్టోర్ చేద్దాం మావా, రంగు మాత్రం ఆర్మీ గ్రీన్" అంటాడు. ఆలోచన మంచిదే. మెకానికల్ చదివి ఒక్క ఇంజను కూడా విప్పకుండా పట్టా పుచ్చుకోవడం కంటే వంద రెట్లు మంచిది. నా అభ్యంతరమల్లా ఆ మాటలో రంగు ముందు రావడం మీదే.

మనోళ్ళ ప్లాన్లు చాలావరకు తలకిందులుగా ఉంటాయి. ముందు రంగు, తర్వాత అలాయ్ వీల్స్, తర్వాత హారను, ఆ తర్వాత ఇంజను, ఎప్పటికో చాసిస్. ఆర్.సి. సంగతి పోలీసు ఆపినప్పుడు గుర్తొస్తుంది. ఇంటి దగ్గర పాత పికప్ బాగుచేయాలనుకునేవాళ్ళు ఈ వరుసను తిరగేయాలని నా అభిప్రాయం. నోట్‌బుక్‌లో మొదటి పేజీ బండి ఎందుకు అన్నది. రెండోది కాగితాలు. మూడోది చాసిస్. నాలుగోది బ్రేకులు, ఇంజను. రంగు ఆఖరి పేజీ. ఆ ఆఖరి పేజీ దాకా రాకపోయినా బండి బతుకుతుంది. ముందు పేజీలు వదిలేస్తే మాత్రం బండీ దక్కదు, డబ్బూ దక్కదు, ఒక్కోసారి మనిషీ దక్కడు.

ఈ బండి ఎందుకు?

హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపుపచ్చ రోల్స్ రాయిస్ ఒకటి ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కోసం ఇంగ్లండులో చేయించిన కారు. అది చేతికి రాకముందే 1911లో ఆయన కాలం చేశారు. చాలా ఏళ్ళు మూలనపడి ఉన్నదాన్ని తర్వాత బాగుచేయించి ప్రదర్శనకు పెట్టారు. ఆ కారు పని ఇప్పుడు కనిపించడమే. దానికి రంగే ప్రాణం అంటే ఒప్పుకుంటాను.

మన పికప్ జాతకం వేరు. మహీంద్రా వాళ్ళు 1947లో విల్లీస్ జీపులు బిగించడంతో మొదలుపెట్టారు. ఆ జీపు ఎముకల మీదే తర్వాత పికప్పులు వచ్చాయి. మన దగ్గర అవి మాచర్ల వైపు పత్తి మోశాయి, పిడుగురాళ్ళ బట్టీల నుంచి సున్నం మోశాయి, దాచేపల్లి నాపరాళ్ళు మోశాయి, గుంటూరు యార్డుకు మిర్చి టిక్కీలు మోశాయి. శివరాత్రికి కోటప్పకొండకు ఊరు ఊరంతటినీ మోశాయి. మోయడం కోసం పుట్టిన బండి అది. బాగుచేసి బయటికి తీస్తే ఎవరో ఒకరు దానిమీద బరువు పెడతారు. "నేను షోకి మాత్రమే ఉంచుకుంటా" అని మనం అనుకున్నా, మిరపకోతల టైముకి బాబాయో మావయ్యో వచ్చి "ఒక్క ట్రిప్పేరా, ఇట్లా వెళ్ళి అట్లా వస్తా" అంటారు. వద్దనలేం. ఆ ఒక్క ట్రిప్పులో తొట్టి నిండా కూలీలుంటారు. సరుకు బండిలో మనుషుల్ని ఎక్కించడం చట్టం ఒప్పుకోదు, ఎక్కించకూడదు కూడా. అయినా ఎక్కుతున్నారని ఈ జిల్లాలో పుట్టిన ప్రతివాడికీ తెలుసు. అందుకే ఈ బండి విషయంలో అందం గురించి మాట్లాడేముందు బ్రేకు గురించి మాట్లాడాలంటున్నాను.

కాబట్టి మొదటి పేజీలో మూడు దారుల్లో ఒకటి ఎంచుకుని రాయండి. ఒకటి, ఉన్నదున్నట్టు కాపాడటం: తుప్పు ఇంకా తినకుండా ఆపి, స్టాండ్ల మీద నిలబెట్టి, రేకు షెడ్డు వేసి వదిలేయడం. రెండు, ఇంటి పనికి నడిచేలా చేయడం. మూడు, కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఎలా ఉందో అలా చేయడం. మొదటిదానికి సెలవలు చాలు. రెండోదానికి ఏడాది పట్టొచ్చు. మూడోది ఎన్నేళ్ళు పడుతుందో మొదలుపెట్టేనాడు ఎవరూ చెప్పలేరు. మూడోదని చెప్పి మొదలుపెట్టి, డబ్బులైపోయాక బండిని ముక్కలుగా వదిలేసే కంటే, మొదటిది చేసి ఊరుకోవడం మేలు. అదీ రిస్టోరేషనే. కాకపోతే దానికి ఎవరూ పాట వెయ్యరు, అంతే.

బీరువాలో ఉన్న సగం బండి

మన దగ్గర బాగా పాకిన మాట ఒకటుంది: "పదిహేనేళ్ళు దాటితే బండి తుక్కే, గవర్నమెంటు తీసుకెళ్ళిపోద్ది" అని. పూర్తిగా నిజం కాదు. ఢిల్లీ చుట్టుపక్కల పాత డీజిల్, పెట్రోల్ బండ్ల మీద కోర్టుల ఆంక్షలు వచ్చిన మాట నిజం. పదిహేనేళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ 2023 ఏప్రిల్ 1 నుంచి రద్దయిన మాటా నిజం. మన ఇంటి బండికి వయసు ఒక్కటే ఉరితాడు కాదు. ఫిట్‌నెస్ పాసవ్వాలి, ఫీజులు కట్టాలి. ఆ ఫీజులు మాత్రం వయసుతో పాటు పెరుగుతాయి. సొంత కారుకు పదిహేనేళ్ళ తర్వాత రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు ఒకప్పుడు 600 రూపాయలు. 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది. పికప్ సరుకు రవాణా బండి కాబట్టి దాని లెక్క వేరు. ఎనిమిదేళ్ళు దాటిన రవాణా వాహనానికి ఏటేటా ఫిట్‌నెస్ చేయించాలి. ఫిట్‌నెస్ లేకపోతే చట్టం కళ్ళకు ఆ బండికి రిజిస్ట్రేషన్ ఉన్నా లేనట్టే. ఇవాళ్టి ఫీజు ఎంత, గ్రీన్ టాక్స్ ఎంత, కట్టని పన్ను ఎంత పేరుకుంది అన్నది రవాణా ఆఫీసులో కనుక్కుని, అంకె వేసి రాసుకోవాలి. ఒక్కోసారి ఆ అంకె చూశాకే ఏ దారి పట్టాలో తేలిపోతుంది.

తర్వాత పేరు. చాలా బండ్లు ఇంకా తాతల పేరు మీదే ఉన్నాయి. తాత పోయి పదేళ్ళయినా ఆర్.సి.లో ఆయనే ఓనరు. యజమాని చనిపోతే వారసుడు 30 రోజుల్లో ఆఫీసుకు తెలియజేసి, మూడు నెలల్లోగా ఫారం 31తో పేరు మార్చుకోవాలన్నది నిబంధన. ఆ గడువు ఎప్పుడో దాటిపోయి ఉంటే వారసుల సంతకాలు, ఆలస్యానికి కట్టాల్సింది, అన్నీ ముందే తేల్చుకోవాలి. ముగ్గురు కొడుకులుంటే ముగ్గురి ఒప్పుకోలూ కావాలి. బండి తుప్పు పట్టి ఉన్నన్నాళ్ళూ ఎవరికీ అక్కర్లేదు. మెరిశాక అందరికీ నాయన గుర్తొస్తాడు. ఈ మాట కాస్త కటువుగా ఉన్నా కుటుంబాల్లో జరిగేదే. సంతకాలు తుప్పు ఉన్నప్పుడే పెట్టించుకోండి.

ఇంకోటి, ఫైనాన్సు. బాకీ తీరిపోయినా ఆర్.సి. మీద ఫైనాన్సు కంపెనీ పేరు అలాగే ఉండిపోతుంది. అది కొట్టేయించాలంటే ఫారం 35 మీద ఆ కంపెనీ సంతకం కావాలి. కంపెనీ ఇప్పుడుందో లేదో కూడా చూసుకోవాలి. ఊరి అడ్రసూ చూసుకోండి. పల్నాడు జిల్లా వచ్చింది 2022 ఏప్రిల్ 4న. అంతకుముందు బండ్ల ఆర్.సి.ల్లో ఉండేది గుంటూరు జిల్లాయే.

అన్నిటికంటే ముఖ్యం చాసిస్ నంబరు. ఆర్.సి.లో ఉన్న నంబరు, చాసిస్ మీద కొట్టిన నంబరు, ఇంజను మీది నంబరు మూడూ సరిపోవాలి. తుప్పు గీకే ఉత్సాహంలో గ్రైండర్ పెట్టి ఆ నంబరును చెరిపేస్తే బండికి పుట్టుక సర్టిఫికెట్ చించేసినట్టే. పని మొదలుపెట్టకముందే ఆ చోటును చేత్తో మెల్లిగా శుభ్రం చేసి, కాగితం పెట్టి పెన్సిలుతో అచ్చు తీసుకోండి. తర్వాత గ్రీజు రాసి, టేపు వేసి మూసేయండి. ఇంజను మార్చాలనుకున్నా, కంపెనీ ఇచ్చిన రూపం మార్చాలనుకున్నా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డొస్తుంది. అనుమతి ముందు, పని తర్వాత.

"వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉందిగా అన్నా" అని ఎవరైనా అంటే, 2021లో వచ్చిన ఆ రూల్సు ఒకసారి చదవమనండి. బండికి 50 ఏళ్ళు నిండాలి, సొంత వాడకానిదై ఉండాలి, పెద్ద మార్పుల్లేకుండా అసలు రూపంలో ఉండాలి. రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు. ఇంతా చేశాక రోజువారీ రోడ్డు మీద తిప్పకూడదు. ప్రదర్శనలకూ ర్యాలీలకూ తప్ప బయటికి తీయకూడదు. మిర్చి టిక్కీలు మోసిన పికప్‌కు ఆ చొక్కా సరిపోదు.

సుత్తి చెప్పే మాట

ఇక ఇనుము. మన వైపు సముద్రపు గాలి లేదు. రెంటచింతల ఎండలు రాష్ట్రమంతటికీ తెలుసు. మరి ఇంత తుప్పు ఎక్కడిది? మన బండ్లను చాలావరకు ఎరువులు తిన్నాయి. పొటాష్ బస్తాలో ఉండేది పొటాషియం క్లోరైడ్. ఉప్పులాంటిదే. గాలిలో తేమ పీల్చుకుంటుంది, ఇనుము తుప్పును తొందరపెడుతుంది. చిరిగిన బస్తాలోంచి రాలిన పొడి తొట్టి సందుల్లో పడుతుంది. దానిమీద వాన పడుతుంది. పైన పరిచిన రబ్బరు మ్యాటు ఎండ తగలనీయదు. అందుకే తొట్టి పైనుంచి చూస్తే బాగానే ఉంటుంది. కింద పడుకుని చూస్తే ఆకాశం కనిపిస్తుంది.

తొట్టి పోయినా పర్లేదు. చిలకలూరిపేటలోనో, బెజవాడ ఆటోనగర్‌లోనో కొత్తది కట్టిస్తారు. చాసిస్ పోతే కథ అయిపోయినట్టే. కాబట్టి మొదటి రోజు చేయాల్సిన పని ఒకటే: సమంగా ఉన్న గట్టినేల మీద బండిని లేపి, నాలుగు వైపులా స్టాండ్లు పెట్టి, చిన్న సుత్తి, పాత స్క్రూడ్రైవర్ పట్టుకుని కిందికి దూరడం. ఇటుకల మీద, ఒట్టి జాకీ మీద నిలబెట్టిన బండి కిందికి మాత్రం ఎవరూ వెళ్ళొద్దు. ఇటుక పగిలేముందు చెప్పదు.

సుత్తితో తడుతూ పోతే మంచి ఇనుము గణగణమంటుంది. తుప్పు తిన్న చోట చప్పుడు మందగిస్తుంది. స్క్రూడ్రైవర్ దిగబడితే అక్కడ సున్నంతో గుండ్రంగా గుర్తు పెట్టండి. ముఖ్యంగా కమాను కట్టల బ్రాకెట్లు బిగించిన చోట, అడ్డపట్టీలు కలిసిన చోట, క్యాబిన్ రబ్బరు బుష్‌ల కింద, రెండు రేకులు రివెట్లతో అతికిన చోట చూడాలి. తుప్పు అసలు ఇనుము కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది. అందుకే రెండు పలకల మధ్య పుట్టిన తుప్పు వాటిని విడదీసి ఉబ్బిస్తుంది. ఆ ఉబ్బు కనిపించిందంటే లోపల పని చాలాకాలంగా జరుగుతున్నట్టు.

స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్‌లో పరీక్ష కోసం బట్టీ పట్టిన సెక్షన్ మాడ్యులస్ ఇక్కడ ప్రాణం పోసుకుంటుంది. చాసిస్ అడ్డకోత సి ఆకారంలో ఉంటుంది. దాని రేకు మందం సగమైతే వంపును తట్టుకునే బలమూ దాదాపు సగమే మిగులుతుంది. పైగా తుప్పు సమంగా తినదు, గుంటలు గుంటలుగా తింటుంది. ఆ గుంటల దగ్గరే పగుళ్ళు మొదలవుతాయి. ఖాళీగా ఇంటిముందు నిలబడ్డ బండికి ఈ సంగతి తెలియదు. టన్ను బరువుతో గోతిలో దిగినప్పుడు తెలుస్తుంది.

ఇక్కడే మన ఊళ్ళ వెల్డింగ్ షాపుల్లో ఒక తప్పు అలవాటుంది. పగులు మీద అడ్డంగా ఒక పట్టీ పెట్టి నిలువుగా వెల్డు గీసేస్తారు. ఆ గీత పక్కనే మళ్ళీ పగులుతుంది. అతికే పలక కొనలు ఏటవాలుగా ఉండాలి, పై కింది అంచుల మీద అడ్డంగా వెల్డు పడకూడదు. ఈ పని చాసిస్‌ల మీద చెయ్యి తిరిగినవాడికే ఇవ్వాలి. మనం మాత్రం యూట్యూబ్ చూసి చాసిస్ వెల్డింగ్ నేర్చుకోకూడదు. ఫెండర్ మీద నేర్చుకుందాం. అది ఊడితే రోడ్డు మీద పడుతుంది, అంతే.

సున్నం గుర్తులు లెక్కపెట్టండి. ఒకటి రెండు చోట్లయితే ముందుకు వెళ్ళొచ్చు. పొడుగునా ఉంటే అక్కడే ఆగాలి. ఇంత ప్రేమగా చూసుకున్న బండిని తుక్కుకు ఇవ్వడం ఓడిపోవడం కాదు. రిజిస్టరైన స్క్రాపింగ్ కేంద్రానికి ఇచ్చి సర్టిఫికెట్ తీసుకుంటే, కొత్త రవాణా వాహనం పన్నులో 15 శాతం వరకు రాయితీకి కేంద్రం రూల్సులో వీలుంది. స్టీరింగో, బానెట్ మీద పేరో ఇంట్లో దాచుకోండి. తాత మీద గౌరవం అంటే ఆయన చాసిస్ విరిగి ఇంకొకరి మీద పడేలా చూడటం కాదుగా.

ఆగడం ముందు, నడవడం తర్వాత

చాసిస్ పాసైతే ఇంజను కంటే ముందు బ్రేకులు. పాత మోడళ్ళలో చాలావాటికి బ్రేకు ఆయిలు లైను ఒకటే. ఒక్కచోట కారితే నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది. బ్రేకు ఆయిలు గాలిలో నీటిని పీల్చుకుంటుంది. ఏళ్ళ తరబడి నిలబడ్డ బండిలో ఆ నీరే పైపుల్నీ, వీల్ సిలిండర్లనూ లోపల్నుంచి తినేసి ఉంటుంది. బయటికి బాగున్నాయని పాత పైపులు ఉంచొద్దు. పైపులు, హోసులు, సిలిండర్ కిట్లు, లైనర్లు, అన్నీ కొత్తవి వేయండి. ఈ ఒక్క ఖర్చులో బేరం వద్దు. పాత లైనర్ల దుమ్ములో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. ఎయిర్ పెట్టి ఊదకుండా తడిగుడ్డతో తుడవాలి.

ఇంజనుకొస్తే, అందులో ఏ ఇంజనుందో ముందు తెలుసుకోవాలి. ఈ ఒక్క బ్రాండు పాత బండ్లలోనే మూడు వంశాలున్నాయి. ఒకటి ఇంటర్నేషనల్ ట్రాక్టర్ నుంచి వచ్చిన డీజిల్ ఇంజను. రెండోది ఫ్రాన్స్ ప్యూజో కంపెనీతో 1979లో కుదిరిన ఒప్పందం వల్ల వచ్చిన ఎక్స్.డి.పి. ఇంజను. మూడోది తర్వాత బొలెరోల దాకా నడిచిన 2523 సి.సి. డి.ఐ. ఇంజను. మూడోదైతే సామాను దొరకడం తేలిక. మొదటిదైతే ట్రాక్టర్ సామాను కొట్లలో వెతకాలి. రెండోదైతే ఓపిక కావాలి. ఏ వంశమో తెలియకుండా బడ్జెట్ వేయడం గాల్లో లెక్క.

ఎన్నాళ్ళో నిలబడ్డ ఇంజనును "ఒకసారి సెల్ఫ్ కొట్టి చూద్దాం" అనడం అన్నిటికంటే ఖరీదైన సరదా. పిస్టన్లు పట్టేసి ఉంటే రింగులు విరుగుతాయి. పాత డీజిల్ తీసేసి, నాజిళ్ళు విప్పి, సిలిండర్లలో కొంచెం ఆయిలు పోసి, నాలుగు రోజులు నాననిచ్చి, తర్వాత చేత్తో తిప్పాలి. తిరిగాక పంపు, నాజిళ్ళు సర్వీసుకు ఇవ్వాలి. ట్యాంకులో మడ్డి కడగాలి. అప్పుడు స్టార్టింగ్.

ఇవన్నీ నాలుగు పుస్తకాలు చదివి రాసిన మాటల్లా కనిపించొచ్చు. నిజానికి ఇవి మన నరసరావుపేట, మాచర్ల షెడ్లలో పనిచేసే పెద్ద మెకానిక్కుల నోట్లో ఉన్న సంగతులే. చప్పుడు విని టాపెట్ గ్యాపు చెప్పగలిగే మనుషులు వాళ్ళు. ఇప్పుడొస్తున్న కుర్రాళ్ళు స్కానర్ పెట్టే బండ్ల మీద నేర్చుకుంటున్నారు. అది వాళ్ళ తప్పు కాదు. కాకపోతే ఈ ఇంజన్లకు స్కానర్ పెట్టే చోటు లేదు. ఆ పెద్దాయన షెడ్డు మూసేస్తే ఆ విద్య కూడా పాత సామానుకు వెళ్ళినట్టే. అందుకని బండిని షెడ్డులో వదిలేసి రాకండి. "బాబాయ్, నేనూ పక్కనుంటా, నట్లు నేను విప్పుతా" అని అడగండి. మొదట విసుక్కుంటారు. రెండోరోజు స్పానర్ చేతికిస్తారు.

కాలం, డబ్బు, రంగు

మన ప్లాన్‌కు మన పంచాంగం ఉండాలి. అమెరికా వాడి వీడియోలో గ్యారేజీకి హీటరుంటుంది. మనకు వేపచెట్టు ఉంది. మే నెలలో పొద్దున పదింటికల్లా రేకు ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. ఆ నెలలో తెల్లవారుజామున విప్పుడు పనులు, తుప్పు గీకుడు పెట్టుకోండి. గీకిన ఇనుమును ఆ రోజే ప్రైమర్‌తో మూసేయాలి. వానాకాలంలో ఒక్క రాత్రి వదిలేసినా మళ్ళీ ఎర్రబడుతుంది. వానల్లో లేత్ పని, ఇంజను పని నీడపట్టున చేయించుకోవచ్చు. రంగు పని ఎండాకాలంలో వద్దు. గన్నులోంచి వచ్చిన రంగు రేకును చేరేలోపే ఆరిపోయి గరుకుతేలుతుంది. వానాకాలంలో తేమకు మబ్బు పడుతుంది. చలికాలమే దానికి అనువు. అయితే డిసెంబరు నుంచి మిరపకోతలు. ఇంట్లో ఎవరికీ తీరిక ఉండదు, మనకు సెమిస్టర్ పరీక్షలు. సంక్రాంతి సెలవులే మిగిలేది. ఇవన్నీ క్యాలెండర్ మీద పెట్టి చూస్తే "రెండు నెలల్లో పూర్తి" అనే మాట ఎంత నిజమో తెలిసిపోతుంది.

ఇంకో నియమం: బండిని ఒకేసారి మొత్తం విప్పొద్దు. ఒక భాగం విప్పు, బాగుచెయ్యి, బిగించు. ఆ తర్వాతే ఇంకోటి. విప్పే ప్రతి నట్టుకూ ఫోటో, ప్రతి భాగానికీ ఒక డబ్బా, డబ్బా మీద పేరు. ఇంటి దగ్గర మొదలైన ఇలాంటి పనులు ఆగిపోయేది చేతగాక కాదు. ఏ ముక్క ఎక్కడిదో మర్చిపోవడం వల్ల.

డబ్బు సంగతి ఇంట్లో దాపరికం లేకుండా మాట్లాడాలి. "ఆ డబ్బుతో బోరు వేయించొచ్చు గదరా" అని నాన్న అంటే ఆ మాటలో తప్పేం లేదు. ఆ ఇంట్లో నీళ్ళు లేని చేను ఉంటే బోరే ముందు. కాగితాలకు, చాసిస్‌కు, బ్రేకులకు, ఇంజనుకు, టైర్లకు, రేకు పనికి విడివిడిగా అంచనా వేసి, మొత్తం మీద మూడో వంతు అనుకోని ఖర్చులకు పక్కన పెట్టి, కింద ఒక గీత గీయండి: "ఇంత దాటితే ఆపేస్తాం." ఆ గీత కింద నాన్న సంతకం, మన సంతకం. ఇది అతిలా అనిపిస్తుందేమో. కానీ అప్పు చేసి బాగుచేసిన బండిని ఏడాది తిరక్కుండా అదే అప్పు కోసం అమ్ముకోవడం కంటే నయం.

ఇక ఆఖరి పేజీ. మొదట్లో మనవాడు అడిగిన ఆర్మీ గ్రీన్ గుర్తుందా? సైన్యం బండ్లకు తప్ప ఎవరికీ ఆలివ్ గ్రీన్ వేయకూడదని కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో 121వ రూలు ఉంది. మొదటి రోజు ఎంచుకున్న రంగే ఆఖరి రోజు చట్టానికి దొరికిపోతుంది. ఆర్.సి.లో ఉన్న రంగే వేయండి. ఆ బండి తాత నడిపిన రంగూ అదే. లప్పం తక్కువ పెట్టండి. తుప్పు మీద లప్పం పెట్టి రంగు వేస్తే రెండు వానాకాలాల్లో బుడగలు లేస్తాయి. వాడేసిన ఇంజను ఆయిలు కిందంతా పూసే అలవాటు కూడా మానండి. దుమ్ము అంటుకుంటుంది, రబ్బరు బుష్‌లు ఉబ్బి పాడవుతాయి.

ఒక్క విమర్శకు జవాబు చెప్పాలి. "పొగ కక్కే పాత డీజిల్ బండిని మళ్ళీ రోడ్డు మీదికి తేవడం పర్యావరణానికి మంచిదా?" అని మన క్లబ్బులోనే అడుగుతారు. సరైన ప్రశ్నే. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతా బి.ఎస్.6 వచ్చింది. ఆ లెక్కలో మన తాత బండి అసలు సోదిలోకి రాదు. అందుకే రోజూ గుంటూరుకు కిరాయి తిప్పే పనికి ఈ బండి వద్దంటాను. చేలోకి, ఊరికి, పండక్కి కొండకు. అంతవరకే. దానికి నాజిళ్ళు సరిగా పెట్టించి, పొగ పరీక్ష చేయించి నడిపితే నాకు అభ్యంతరం లేదు.

చివరగా మన తెలుగు క్లబ్బుకు ఒక సూచన. కమాను కట్ట, లప్పం, టింకరింగు, తొట్టి, నాజిలు, పట్టేసిన పిస్టను. ఈ మాటలు మన పాఠ్యపుస్తకాల్లో లేవు, మన కథల్లోనూ పెద్దగా కనిపించవు. మెకానికల్ డిపార్ట్‌మెంటు, మనమూ కలిసి జిల్లాలో ఒక్క పాత పికప్ తీసుకుని, పని జరిగినన్నాళ్ళూ షెడ్డు మాటల్ని తెలుగులో రాసి పెడితే రెండు పనులు జరుగుతాయి. ఒక బండి బాగవుతుంది, ఒక నోట్‌బుక్ తర్వాతి బ్యాచ్‌కు మిగులుతుంది. ఈ సెలవలకు ఇంటికి వెళ్తున్నవాళ్ళు కలర్ కార్డు కోసం వెతక్కండి. ముందు బీరువా తెరిచి ఆర్.సి. ఎక్కడుందో అమ్మనడగండి.